50 దాటితే చక్రం దగ్గర భూఁ మని మోత: బేరింగా, టైరా?

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ కొన్నారు, స్పీడు 50 దాటగానే ముందు ఎడమ చక్రం వైపు నుంచి భూఁ మని మోత మొదలవుతోంది, 80కి వెళ్లేసరికి లోపల మాట్లాడుకునేది కూడా సరిగా వినబడట్లేదు, బ్రేకు తొక్కినా పోవట్లేదు. ఒక షెడ్డులో బేరింగ్ (చక్రం నున్నగా తిరగడానికి దాని మధ్యలో ఉండే గుండ్ల రింగు) అన్నారు, ఇంకో చోట టైర్లు అన్నారు. వచ్చే వారం అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని తిరుమల కొండకి వెళ్లాలి, వెళ్లొచ్చా అని.

కొండకి వెళ్లే సంగతి చివర్లో చెప్తాను, మోత ఏమిటో తేలితేనే దానికి జవాబు. ముందైతే ఎవరు చెప్పినా సరే, బేరింగ్ గానీ టైర్లు గానీ ఇప్పుడే మార్పించకండి. ఆ రెండింటి మోతా దాదాపు ఒకేలా ఉంటుంది, షెడ్డు ముందు ఆపిన బండిని చూసి ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా ఇదే అని చెప్పలేడు. రోజూ నడిపే మీరు తేల్చుకోగలరు. ఒక ఖాళీ సాయంత్రం, ఒక జాకీ, ఎత్తిన బండిని మోసే స్టాండ్ ఒకటి, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు.

చక్రం మోతల విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని చెవి చెబుతోందో దాన్ని పక్కన పెట్టేసి, ఏం చేస్తే శబ్దం మారుతోందో అది చూడాలి. బాడీ అంతా ఒకదానికొకటి అతికిన రేకే కాబట్టి వెనక చక్రంలో పుట్టిన మోత ఫ్లోర్ వెంబడి పాకి డ్రైవర్ కాళ్ల దగ్గర వినిపిస్తుంది, కుడివైపుది ఎడమవైపు అనిపిస్తుంది. స్టీరింగ్ తిప్పితే మారుతోందా, రోడ్డు మారితే మారుతోందా, గేరు తీస్తే మారుతోందా, బ్రేకు తొక్కితే మారుతోందా, వీటికి జవాబులు మాత్రం అబద్ధం చెప్పవు. మీరు "ముందు ఎడమ" అని అంత గట్టిగా రాశారు కదా, దాన్ని ప్రస్తుతానికి మర్చిపోండి.

ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే మా బండికి జరిగింది అదే. 2021 నవంబరులో తిరుపతిలో వరద వచ్చినప్పుడు మా వీధి పల్లంలో ఉండటంతో కారు సగం చక్రం దాకా నీళ్లలో నిలబడిపోయింది. ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదు, సీట్లు తడవలేదు, నీళ్లు తీశాక మామూలుగానే స్టార్ట్ అయింది, గండం గడిచిందని అందరం అనుకున్నాం. కొన్ని నెలల తర్వాత రేణిగుంట రోడ్డులో పోతుంటే సన్నగా ఒక గుయ్ మనే మోత. మొదట్లో ఏసీ ఫ్యాన్ అనిపించేంత చిన్నగా ఉండేది, పోనుపోను మీరు చెప్పినట్టే భూఁ మనే మోత అయింది. బండిలో కూర్చున్న ప్రతివాళ్లూ ముందు కుడి చక్రం అన్నారు. దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళితే ఆయన టైర్ల మీద చెయ్యి పెట్టి చూసి, "సార్, నాలుగు టైర్లూ మార్చేయండి, మోత పోతుంది" అన్నాడు. టైర్లు అంత అరిగిపోలేదు. రెండు రోజులు ఆగన్నా అని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రం బండి వేసుకుని బయల్దేరాను. పాత గరుకు తారు మీద, కొత్తగా వేసిన నున్నటి తారు మీద, కొంత దూరం సిమెంటు రోడ్డు మీద ఒకే స్పీడులో నడిపాను. రోడ్డు మోత మారింది గానీ దాని కింద ఆ భూఁ మాత్రం అలాగే ఉంది. అంటే టైరు మీద అనుమానం సగం తగ్గినట్టే, ఎందుకంటే టైరు మోత రోడ్డుని బట్టి బాగా మారిపోతుంది. తర్వాత ముందూ వెనకా ఎవరూ లేని చోట, 60లో, లేన్ దాటకుండా స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకి, మెల్లగా కుడికి ఊపాను. ఎడమకి తిప్పినప్పుడల్లా మోత పెరిగింది. కుడికి తిప్పినప్పుడల్లా దాదాపు ఆగిపోయింది. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, బరువు పడినప్పుడు ఏడ్చేది పాడైన బేరింగే. కాబట్టి కుడివైపు అని తేలింది. ముందా వెనకా అన్నది మాత్రం రోడ్డు మీద తేలలేదు.

జాకీ ఎక్కించాక తేలింది. ముందు కుడి చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగ్ మీద పెట్టాను, ఏమీ లేదు, నున్నగా తిరిగింది. వెనక కుడి చక్రం తిప్పి స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టగానే వేళ్లకి గరగరమని తెలిసింది. చెవికి పెద్దగా వినబడదు, చేతికి తెలుస్తుంది. బండిలో అందరూ ముందు అన్నది వెనకది. తర్వాత వేరే షెడ్డులో ఆ బేరింగ్ మార్పించినప్పుడు, పాతదాని సీలు (నీళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఉండే మూత) పీకి చూపించమని అడిగాను. గ్రీజు పాలు ఎక్కువైన కాఫీ రంగులోకి మారి ఉంది, దాన్ని గుడ్డతో తుడిస్తే గుండ్లు తిరిగే దారి మీద చిన్న చిన్న గుంటలు, వాటి చుట్టూ తుప్పు. నీళ్లు సీలు దాటి లోపలికి పోయి, గ్రీజుని పాడుచేసి, నెలల తరబడి మెల్లగా తినేశాయి. కొత్తది వేశాక మోత పూర్తిగా పోయింది, అవే టైర్లతో చాలా కాలం నడిపాం.

అందుకే మీ బండి గురించి అమ్మినవాళ్లని ఒక మాట అడగండి, ఇది ఎప్పుడైనా వరద నీళ్లలో నిలబడిందా, అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలో నడిచిందా అని. మన వైపు సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇంజిన్ చూస్తారు, ఏసీ చూస్తారు, ఇది అడగరు.

ఇక మీరు చేయాల్సినవి. మొదటిది గేరు పరీక్ష. చదునైన, ఖాళీగా ఉన్న రోడ్డు మీద మోత బాగా వినిపించే స్పీడుకి వెళ్లి, యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌లోకి తీసి బండిని దానంతట దాన్ని పోనివ్వండి. ఇంజిన్ చప్పుడు పడిపోయినా మోత అలాగే ఉండి, స్పీడు తగ్గేకొద్దీ తగ్గుతుంటే అది చక్రాలదే, ఇంజిన్‌కి సంబంధం లేదు. ఇంజిన్ ఆఫ్ చేయకండి, చేస్తే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. ఘాట్ రోడ్డు మీద ఈ పరీక్ష అసలు వద్దు. చంద్రగిరి దాటాక గానీ రేణిగుంట వైపు గానీ ఉదయం ఆరు లోపల వెళితే రోడ్డు ఖాళీగా దొరుకుతుంది. వెనక వచ్చేవాళ్లని అద్దంలో మీరు చూస్తూ ఉండండి, వినే పని పక్కన కూర్చున్నవాళ్లకి అప్పగించండి.

తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కినప్పుడు ఎడమ లేన్‌లో, ఎడమవైపు అద్దాలు దించి నడపండి. పిట్టగోడ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎడమ చక్రాల శబ్దం గోడకి తగిలి తిరిగి లోపలికి వస్తుంది. టైరులో ఇరుక్కున్న రాయి, బ్రేకు రాపిడి లాంటి చిన్న శబ్దాలు ఇలా బాగా దొరుకుతాయి. భూఁ మనే బేరింగ్ మోతకి మాత్రం ఇది పెద్దగా పనికిరాదు, దానికి స్టీరింగ్ ఊపే పరీక్షే. ఎడమకి తిప్పితే పెరిగితే కుడి బేరింగ్, కుడికి తిప్పితే పెరిగితే ఎడమ బేరింగ్, చాలాసార్లు ఇదే నిజం. అన్నిసార్లూ కాదు, అందుకే జాకీ పరీక్ష కూడా చేయాలి.

టైర్ల విషయానికొస్తే, ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా పోయి రెండోవైపు గీరుకుంటుంటే అది ఏటవాలుగా అరిగింది, అలాంటి టైరు అచ్చం బేరింగ్ లాగే మోగుతుంది. కొన్నిచోట్ల మిట్ట, కొన్నిచోట్ల పల్లం చేతికి తగిలితే షాక్ అబ్జార్బర్ పాడై ఉండే అవకాశం ఉంది, టైరు మార్చినా అది మార్చకపోతే కొత్త టైరు కూడా అలాగే అరుగుతుంది. ముఖ్యంగా వెనక టైర్ల లోపలి అంచు చూడండి, బయటికి కనిపించదు కాబట్టి ఎవరూ చూడరు. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. సెకండ్ హ్యాండ్ బండ్లకి ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ ఎప్పటివో ఉండటం మామూలే, గట్టిపడిన పాత టైరు ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ల రబ్బరు) ఎంత మిగిలి ఉన్నా మోత పెడుతుంది.

టైరేనా అని తేల్చడానికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. గాలి సరిగ్గా పెట్టించి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. మోత చోటు మారినా, గొంతు మారినా టైరే. రవ్వంత కూడా మారకపోతే బేరింగే అని నమ్మొచ్చు. నాలుగు టైర్ల ఖర్చు ముందు ఈ మార్పిడి ఖర్చు ఏపాటిది, పైగా ఎలాగూ 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి ఒకసారి చేయించాల్సిన పనే.

జాకీ పరీక్ష గురించి కొంచెం వివరంగా రాస్తాను, దీన్ని చాలామంది సగమే చేస్తారు. చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, ఎత్తబోయే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందు చక్రం ఎత్తుతుంటే హ్యాండ్‌బ్రేక్ వేయండి. వెనకది ఎత్తేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేస్తే చక్రం తిరగదు కాబట్టి ఫస్ట్ గేరులో వేసి, ముందు చక్రాలకి రాళ్లు గట్టిగా పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందకి తల గానీ చెయ్యి గానీ పోనివ్వకండి, స్టాండ్ లేకపోతే ఈ పని షెడ్డులో మీ ముందే చేయించండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికి బయటికి ఊపండి. టక్ టక్ మని ఆడితే, తోడు వచ్చినవాళ్లని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ముందు చక్రంలో ఆ ఆట బ్రేకు తొక్కగానే పోతే లూజు బేరింగ్‌లో ఉంది, బ్రేకు తొక్కినా ఆడుతుంటే చక్రాన్ని బండికి కలిపే బాల్ జాయింట్ లాంటి కీలు చూడాలి. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, టై రాడ్. ఆట లేదు కదా బేరింగ్ బాగుంది అని అక్కడితో ఆపేయకండి. మా బండి బేరింగ్‌లో ఆట ఏమీ లేదు, అయినా లోపల తుప్పు తినేసింది. ఆట వచ్చే దశ మోత దశ తర్వాత వస్తుంది. కాబట్టి చక్రం తిప్పుతూ స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూడటం తప్పనిసరి, నాలుగు చక్రాలకీ చేసి ఒకదానితో ఒకటి పోల్చండి.

ఇంకో చిన్న పని. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరకి చెయ్యి తీసుకెళ్లండి, తాకొద్దు. ఒక చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగ్ బాగా పోయింది. మన ఎండలకి ఎండవైపు ఉన్న చక్రాలు ఎలాగూ వేడెక్కుతాయి, అందుకే సాయంత్రం చూడమంటున్నాను.

మీ లక్షణాలకి సరిపోకపోయినా ఇది చదివే వేరేవాళ్ల కోసం మిగతావి చెప్పేస్తాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే కటకటమంటే బయటి సీవీ జాయింట్ (ఇంజిన్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు), చక్రం వెనక రబ్బరు బూటు చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటుంది, ఖాళీ మైదానంలో రెండు వైపులా చుట్టూ తిప్పి చూస్తే చాలు. బ్రేకు తొక్కితే కీచుమంటే బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. స్పీడుతో పాటు టిక్ టిక్ వేగం పెరిగితే మొదట టైరులో మేకో రాయో ఉందేమో చూడండి. స్విఫ్ట్ టైరు ఒక చుట్టుకి సుమారు 1.9 మీటర్లు పోతుంది కాబట్టి 20 స్పీడులో సెకనుకి దాదాపు మూడు టిక్కులు వినిపిస్తే అది చుట్టుకి ఒకసారి తగిలేదే. ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా ఇనుము గీసుకునే శబ్దం మొదలైతే భయపడిపోకండి. చిత్తూరు దగ్గర గ్రానైట్ లారీలు తిరిగే దారిలో మా బావమరిది బండికి ఇలాగే అయింది. బ్రేకు డిస్కుకీ దాని వెనక ఉండే పల్చటి రేకుకీ మధ్య కంకర రాయి ఇరుక్కుంది, మెల్లగా కొంచెం వెనక్కి నడిపితే రాలిపోయింది. రాలకపోతే చక్రం విప్పి ఆ రేకుని కొద్దిగా వెనక్కి వంచి తీస్తారు.

వీటన్నిటికంటే నేను భయపడే శబ్దం వేరే ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పంక్చర్ వేయించాకో, టైర్లు మార్పించాకో, తక్కువ స్పీడులో టకటకమని మొదలై, స్టీరింగ్ కూడా కొంచెం వణికితే వెంటనే పక్కకి ఆపి వీల్ నట్లు చూడండి. మా నాన్నతో మదనపల్లె వెళ్తుంటే, దారిలో ఒక చోట పంక్చర్ వేయించుకున్నాక, భాకరాపేట ఘాట్ మొదలయ్యే ముందు ఆ టకటక వచ్చింది. ఆపి స్పానర్ పెడితే ఒక నట్టు వేళ్లతోనే తిరిగింది, మిగతావి పావు చుట్టు, అర చుట్టు వదులు. ఆ మెలికల్లోకి అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అప్పటి నుంచి ఎవరు చక్రం విప్పి బిగించినా, 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్లన్నీ ఎదురెదురు వరసలో మళ్లీ బిగిస్తాను. మీరు టైర్లు ముందు వెనక మార్పించాక కూడా ఇది చేయాలి.

ఒకవేళ బేరింగే అని తేలితే, ఎక్కడ మార్పిస్తారన్నది కూడా ముఖ్యమే. బేరింగ్‌ని సమంగా నొక్కి దింపే ప్రెస్ మెషీన్ ఉన్న షెడ్డుకే వెళ్లండి. కొత్త బేరింగ్‌ని సుత్తితో కొట్టి దింపితే ఆ దెబ్బ లోపలి గుండ్ల మీద పడి, బిగించిన రోజే దాని ఆయుష్షు సగం పోతుంది, కొన్నాళ్లకి అదే మోత మళ్లీ మొదలై టైర్లే కారణం అనుకుంటారు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండికి కొన్ని బేరింగుల్లో ఒకవైపే అయస్కాంతపు రింగు ఉంటుంది, తిరగేసి వేస్తే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. మధ్యలో ఉండే యాక్సిల్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో (బిగింపు కొలిచే స్పానర్‌తో) బిగించమని అడగండి. పాత బేరింగ్ చేతికి తీసుకుని తిప్పి చూడండి, గరగర తెలియకపోతే తప్పు చక్రం విప్పారని అప్పుడే చెప్పొచ్చు.

ఇప్పుడు కొండ సంగతి. ఘాట్ మీద స్పీడు తక్కువ కాబట్టి మీ మోత అక్కడ అసలు వినిపించకపోవచ్చు, వినిపించట్లేదు కదా అని ధైర్యం తెచ్చుకోకండి. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, ఎక్కడానికి వాడే 1974 నాటి రోడ్డు కంటే మెలికలు ఎక్కువ. ఒక్కో మలుపులో బండి బరువంతా ఒక పక్క చక్రాల మీదే పడుతుంది, పైగా బ్రేకుల వేడి బేరింగ్ కూర్చునే హబ్ దాకా పోతుంది. కాబట్టి చక్రంలో ఆట ఉన్నా, ఒక చక్రం దగ్గర సెగ కొడుతున్నా, మోత గరగరగా మారినా, ఏబీఎస్ లైటు వెలిగినా ఆ బండి ఘాట్ ఎక్కకూడదు, బేరింగ్ మార్చాకే. అంత టైమ్ లేకపోతే కారు కొండ కింద అలిపిరి దగ్గర పెట్టి పెద్దవాళ్లని బస్సులో తీసుకెళ్లండి, బస్సులు వరసగా ఉంటాయి. టైర్ల మోతే అని తేలి, టైర్లకి పగుళ్లు గానీ ఉబ్బులు గానీ లేకుండా, ట్రెడ్ ఉంటే నిశ్చింతగా వెళ్లి రావచ్చు, దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగండి.

స్టీరింగ్ ఏ వైపు తిప్పితే మోత పెరిగింది, నాలుగు టైర్ల మీద తేదీలు ఏమున్నాయి, స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే ఏ చక్రం దగ్గర గరగర తెలిసింది, ఈ మూడూ చూసి ఇక్కడే కింద రాయండి. ప్రయాణానికి ముందే చూసి జవాబిస్తాను.